సంజయుని చూపు, గాంధారి చూపు: హెచ్.జి. వెల్స్ 'లిటిల్ వార్స్' – బల్లమీది యుద్ధక్రీడల కథనస్వరూప పరిశీలన

వ్యాససంగ్రహం:

సీసపు బొమ్మలు, పాచికలు, కొలతటేపు సాధనాలుగా బల్లమీద యుద్ధాన్ని ఆడే 'మినియేచర్ వార్‌గేమ్' ఇంగ్లండులో శతాబ్దానికి పైగా కొనసాగుతున్న క్రీడాసంప్రదాయం. దానికి పుస్తకరూపం ఇచ్చిన రచనల్లో హెచ్.జి. వెల్స్ 'లిటిల్ వార్స్' (1913) మూలగ్రంథం వంటిది. సాధారణంగా ఆటనియమాల పుస్తకంగా చూసే ఈ రచనను ఈ వ్యాసం కథనకృతిగా చదువుతుంది. మహాభారతంలో యుద్ధాన్ని చూసిన సంజయుని దృష్టినీ, యుద్ధానంతర రంగాన్ని చూసిన గాంధారి దృష్టినీ విమర్శ పరికరాలుగా స్వీకరించి, యుద్ధక్రీడ యుద్ధాన్ని ఏ కోణం నుండి చూపుతుంది, దేన్ని వదిలివేస్తుంది, ఆ వదిలివేత ఆ రూపానికి స్వభావసిద్ధమా లేక రచయిత ఎంపికా అనే ప్రశ్నలను పరిశీలిస్తుంది.

కీలకపదాలు: యుద్ధక్రీడ, చతురంగం, క్రీగ్‌స్పీల్, వెల్స్, లిటిల్ వార్స్, స్త్రీపర్వం, పల్నాటి వీరచరిత్ర, కథనదృష్టి.

1. ఉపోద్ఘాతం:

కురుక్షేత్రయుద్ధం మొదలయ్యే ముందు వ్యాసుడు ధృతరాష్ట్రునికి చూపు ఇస్తానంటాడు. జ్ఞాతివధను చూడలేనని ధృతరాష్ట్రుడు ఆ చూపును నిరాకరిస్తాడు. వినడానికి మాత్రం ఒప్పుకుంటాడు. అప్పుడు దివ్యదృష్టి సంజయునికి దక్కుతుంది. ఆ వరంలో మరో అంశం కూడా ఉంది: సంజయుణ్ణి ఏ ఆయుధమూ తాకదు. అన్నీ చూస్తాడు, అందరి మనసులూ తెలుసుకుంటాడు, కానీ తాను గాయపడడు. భారతయుద్ధకథనం ప్రధానంగా ఈ సురక్షితమైన చూపు మీద నడుస్తుంది.

యుద్ధం ముగిశాక మరో దివ్యదృష్టి కనిపిస్తుంది. స్త్రీపర్వంలో గాంధారి దూరం నుండే రణరంగాన్నంతా చూస్తుంది. రంగం అదే, మృతులు వారే. అయితే సంజయుడు వ్యూహాలను, రథాలను, పడినవారి లెక్కను చూసిన చోట గాంధారి అభిమన్యుని మీద వాలిన ఉత్తరను చూస్తుంది, భూరిశ్రవుని తెగిన చేతిని ఒడిలో పెట్టుకున్న భార్యలను చూస్తుంది. భారతం ఈ రెండు చూపుల్లో దేన్నీ రద్దు చేయలేదు. విరాటపర్వం మొదలు పదిహేను పర్వాలను తెలుగు చేసిన తిక్కన ద్వారా ఈ రెండూ తెలుగు పాఠకుని యుద్ధభావనలో భాగమయ్యాయి.

ఈ జంటదృష్టిని దగ్గర ఉంచుకొని చదివితే బల్లమీది యుద్ధక్రీడ ఒక ఆసక్తికరమైన సాహిత్యసమస్యగా కనిపిస్తుంది. అది మొదటి చూపును పరిపూర్ణం చేసి, రెండవ చూపును పూర్తిగా వదిలేసిన కథనరూపం. ఈ వదిలివేతకు ఫలితం ఏమిటో పరిశీలించడానికి వెల్స్ రచన తగిన ఆధారం. కారణం, ఆ పుస్తకం వినోదంతో తృప్తిపడదు. ఈ ఆట మహాయుద్ధానికి విరుగుడని వాదిస్తుంది. ఆ వాదం అచ్చయిన మరుసటి సంవత్సరమే మహాయుద్ధం వచ్చింది.

2. చతురంగం నుండి క్రీగ్‌స్పీల్ వరకు:

యుద్ధక్రీడల వంశవృక్షానికి మూలం భారతదేశపు చతురంగం. రథ, గజ, తురగ, పదాతులనే నాలుగు సేనాంగాల పేరే ఆ ఆట పేరు. పారశీక, అరబ్బు దేశాల మీదుగా ఐరోపా చేరేసరికి అది చదరంగంగా స్థిరపడింది. చదరంగంలో భూమి సమతలం. కొండ లేదు, వాగు లేదు, వాన లేదు. ఇరుపక్షాల బలం సమానం. ఎదుటివాడి బలగమంతా కంటికి కనిపిస్తుంది. యుద్ధాన్ని శుద్ధబుద్ధిగా మార్చిన రూపమది.

1780లో బ్రన్స్‌విక్‌కు చెందిన యోహాన్ క్రిస్టియన్ లుడ్విగ్ హెల్విగ్ ఆ సమతలాన్ని చెదరగొట్టాడు. గళ్ల సంఖ్యను 1,617కు పెంచి, నీటికీ, కొండకూ, చిత్తడి నేలకూ వేరువేరు రంగులు వేశాడు. 1812లో ప్రష్యాకు చెందిన రైస్‌విట్జ్ గళ్లను తీసివేసి, నేల ఎత్తుపల్లాలను అచ్చుపలకలతో చూపే ఆటను తమ రాజుకు సమర్పించాడు. సైనికాధికారి అయిన ఆయన కుమారుడు 1824లో దాన్ని పటం మీదికి మార్చి 'క్రీగ్‌స్పీల్'గా క్రమబద్ధం చేశాడు. 1:8000 నిష్పత్తి గల పటం, లోహపు దిమ్మెలు, ఒక్కో వంతుకు రెండు నిమిషాల యుద్ధకాలం, నష్టాన్ని నిర్ణయించే పాచికలు, ఇరుపక్షాలకూ మధ్య నిలిచే మధ్యస్థుడు ఇందులోని ప్రధానాంశాలు.

ఈ పరిణామంలో రెండు అంశాలు గమనించదగినవి. ఒకటి, పాచిక తిరిగి రావడం. చదరంగం బహిష్కరించిన దైవాన్ని క్రీగ్‌స్పీల్ పాచిక రూపంలో మళ్లీ పిలిచింది. ద్యూతాన్ని వ్యసనంగా నిందించే సంప్రదాయానికి ఇది వింతగా తోచవచ్చు. కానీ యుద్ధంలో బుద్ధికి లొంగని భాగం ఒకటుందని ఒప్పుకోవడమే ఇక్కడ పాచిక పని. రెండు, మధ్యస్థుని రాక. ఎదుటి సైన్యం ఎక్కడుందో అతనికే తెలుసు. ఆటగానికి ఎంత తెలియాలో అతడే నిర్ణయిస్తాడు. కథనశాస్త్ర పరిభాషలో చెప్పాలంటే సర్వసాక్షి అయిన కథకుడు ఇక్కడ ఆటలోకి ప్రవేశించాడు.

కథకుడు అబద్ధమాడితే ఏమవుతుందో 1942 చూపింది. మిడ్‌వే దాడికి ముందు జపాన్ నౌకాదళం యమాటో యుద్ధనౌక మీద ఆ దాడిని ఆటగా ఆడి చూసింది. ఆ దాడిలో పాల్గొన్న మిత్సువో ఫుచిద తరువాత రాసిన కథనం ప్రకారం, పాచికలు రెండు విమానవాహక నౌకలు మునిగాయని చెప్పగా ఉన్నతాధికారి ఉగాకి దెబ్బల లెక్క తగ్గించి ఒకదాన్ని నిలబెట్టాడు. ఆ జూన్‌లో జరిగిన నిజయుద్ధంలో రెండూ మునిగాయి. పాచిక చెప్పిన మాటను కథకుడు దిద్దగలిగాడు, సముద్రం చెప్పిన మాటను దిద్దలేకపోయాడు.

3. 'లిటిల్ వార్స్' రచనాస్వరూపం:

సైనికాధికారుల క్రీగ్‌స్పీల్‌కూ ఇంటి గచ్చు మీది బొమ్మల యుద్ధానికీ మధ్య వంతెన వేసింది రచయితలే. 1881–82 ప్రాంతంలో స్విట్జర్లండులోని దావోస్‌లో రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ తన సవతి కుమారుడు లాయిడ్ ఆస్బర్న్‌తో సీసపు సైనికుల యుద్ధాలు ఆడాడు. ఆస్బర్న్ ఆ వివరాలను 1898లో ఒక పత్రికావ్యాసంగా వెలువరించాడు. ఇక 1893లో విలియం బ్రిటన్ సంస్థ లోపల బోలుగా ఉండే సీసపు బొమ్మలను పోతపోయడం మొదలుపెట్టింది. సీసం తగ్గింది, ధర తగ్గింది, మధ్యతరగతి ఇంట్లో పటాలాలకు పటాలాలు సమకూరాయి. వెల్స్ ఆట ఈ వస్తుసంస్కృతి మీద నిలిచింది.

'ఫ్లోర్ గేమ్స్' (1911) తరువాత వచ్చిన 'లిటిల్ వార్స్' నిజానికి మూడు ప్రక్రియల కలయిక. మొదటిది ఆట పుట్టుక కథ: భోజనం తరువాత ఒక మిత్రుడు పుల్లముక్కను పేల్చే బొమ్మఫిరంగితో సైనికులను పడగొట్టడం, దాన్ని చూసి పుస్తకాలను కొండలుగా, దిమ్మెలను ఇళ్లుగా పేర్చడం, దక్షిణాఫ్రికా యుద్ధం నుండి తిరిగివచ్చిన ఒక అధికారి సూచనలివ్వడం. రెండవది శాస్త్రం: కాల్బలం వంతుకు ఒక అడుగు, గుర్రపుదళం రెండు అడుగులు కదలాలి, ఫిరంగి దగ్గర నలుగురు సైనికులుంటేనే అది పేలుతుంది, అదీ వంతుకు నాలుగుసార్లే, ముప్ఫైమందికి ఒక నిమిషం, ఫిరంగికి ఒక నిమిషం చొప్పున వంతుకు గడువు. మూడవది ఇతిహాసం: 'హుక్స్ ఫామ్' అనే కల్పిత క్షేత్రంలో జరిగిన పోరుకు వర్ణన. దీనికి తోడు వెల్స్ భార్య ఏమీ కేథరిన్ తీసిన ఛాయాచిత్రాలు ఆ పోరును దశలవారీగా చూపుతాయి.

పుట్టుక కథ, శాస్త్రం, ఇతిహాసం అనే ఈ క్రమం యాదృచ్ఛికం కాదు. నియమం చదివిన పాఠకుడు వెంటనే ఆ నియమం కథగా మారడాన్ని చూస్తాడు. లక్షణం తరువాత లక్ష్యం ఇచ్చే అలంకారగ్రంథ పద్ధతికి ఇది దగ్గర. అయితే ఇక్కడి లక్ష్యం పూర్వకవుల నుండి తెచ్చింది కాదు. లక్షణకర్తే స్వయంగా ఆడి పుట్టించింది.

4. నియమం కథగా మారే తీరు:

ఆట ప్రారంభంలో క్షేత్రానికి అడ్డంగా తెర వేస్తారు. తెరకు ఇవతల ఒకరు, అవతల ఒకరు సేనలను నిలుపుతారు. తెర తొలగిన క్షణంలో కథ మొదలవుతుంది. నాటకానికి యవనిక ఎలాంటిదో ఈ ఆటకు ఆ తెర అలాంటిది. క్రీగ్‌స్పీల్‌లో మధ్యస్థుడు చేసే పనిలో కొంతభాగాన్ని వెల్స్ ఒక గుడ్డముక్కకు అప్పగించాడు.

ముఖాముఖి పోరు విషయంలో ఆయన చేసిన సవరణ మరింత గమనార్హం. మొదట నాణెం ఎగరేసి ఎవరు చచ్చారో తేల్చేవారు. ఆ పద్ధతి అసంబద్ధ ఫలితాలు ఇవ్వడంతో దాన్ని విడిచి, ఒకరికి ఒకరు చొప్పున ఇరువైపులా తొలగించే లెక్కను, ఒంటరైన చిన్నదళం బందీలుగా లొంగిపోయే నియమాన్ని తెచ్చారు. ఫలితంగా ఆటలో అదృష్టానికి మిగిలిన చోటు ఫిరంగిగురి ఒక్కటే. అదీ చేతినైపుణ్యం మీద ఆధారపడినదే. క్రీగ్‌స్పీల్ తెచ్చిన దైవాన్ని వెల్స్ మళ్లీ బయటికి పంపి పురుషకారాన్ని నిలబెట్టాడు. వైజ్ఞానిక సోషలిజాన్నీ, యోజనాబద్ధమైన ప్రపంచాన్నీ నమ్మిన రచయితకు ఇది సహజమైన ఎంపిక. అతని ఆటలో తప్పు జరిగితే అది విధి చేసిన తప్పు కాదు, సేనాని చేసిన తప్పు.

'హుక్స్ ఫామ్' వర్ణనలో కంఠస్వరం మారుతుంది. వంగిన వీపుతో, సిరా అంటిన వేళ్లతో ఉన్న రచయిత అందరూ చూస్తుండగా నీలిసేన జనరల్‌గా రూపాంతరం చెందుతాడు. ఆ జనరల్ తన విజయాన్ని పదవీవిరమణ చేసిన సేనానుల స్వీయచరిత్రల ధోరణిలో, గంభీరంగా, ఎదుటివారి తెలివితక్కువతనం మీద జాలితో వర్ణిస్తాడు. ఇక్కడి హాస్యం రెండు వైపులా కోస్తుంది. గచ్చు మీది బొమ్మలకు మహాసేనాని భాష అతికించడం ఒక నవ్వు. ఆ భాష బొమ్మలకు ఇంత చక్కగా అతికిందంటే నిజమైన సేనానులు తమ సైనికులను ఏమని చూస్తున్నట్టు అన్నది రెండవ నవ్వు. రెండవ నవ్వు వెనుక వ్యంగ్యం ఉంది. 'లిటిల్ వార్స్'లో సాహిత్యపరంగా అత్యంత బలమైన భాగం ఇదే. రసదృష్టితో చూస్తే ఇక్కడ వీరం అంగమై, హాస్యం అంగి అయింది. కరుణకు మాత్రం ఎక్కడా స్థానం లేదు.

5. యుద్ధవ్యతిరేకవాదం – దాని లోపలి పగులు:

చివరి అధ్యాయంలో వెల్స్ గొంతు గంభీరమవుతుంది. ఆయన వాదసారాంశం ఇది: ఈ చిన్నయుద్ధంలో నలిగిన శరీరాలు లేవు, కూలిన ఇళ్లు లేవు. యుద్ధోన్మాదులైన రాజులను, దేశభక్తి వ్యాపారులను ఒక పెద్ద మందిరంలో చేర్చి కావలసినన్ని బొమ్మలు ఇచ్చి ఆడుకోనిస్తే లోకం తన పని తాను చేసుకుంటుంది. తనతో ఆడిన సైనికాధికారులందరూ ఈ చిన్న ఆటలోనే తడబడ్డారు. కనుక మూడు నాలుగుసార్లు ఆడినవారెవరికైనా నిజయుద్ధం ఎంత అస్తవ్యస్తమైన వ్యవహారమో తెలుస్తుంది.

ఈ వాదంలో రెండు వేరువేరు ప్రతిపాదనలు కలిసిపోయి ఉన్నాయి. యుద్ధం క్రూరమైనది అన్నది మొదటిది. యుద్ధం అసమర్థంగా నడిచేది అన్నది రెండవది. ఆట నుండి అనుభవంగా అందేది రెండవది మాత్రమే. గుర్రపుదళాన్ని తొందరపడి పంపి పోగొట్టుకున్న ఆటగానికి తన తెలివితక్కువతనం తెలుస్తుంది. ఆ దళంలో పడినవాడి నొప్పి తెలియదు. క్రూరత్వం గురించిన వాక్యాలు ఆట వెలుపలి నుండి, వ్యాసకర్త కంఠం నుండి వచ్చినవి. ఆటలోని ఏ నియమమూ వాటిని పలకదు. గాయపడినవాడు లేని యుద్ధమిది. ఫిరంగిదెబ్బకు పడినవాడు చచ్చినట్టే లెక్క. హుక్స్ ఫామ్ అనే పొలానికి పేరుంది. కానీ సేనలు దాని మీదుగా పోయినప్పుడు అక్కడి కుటుంబం ఏమైందో కథకు అక్కర్లేదు.

అసమర్థత మీద ఆధారపడిన యుద్ధవ్యతిరేకత ఎంతవరకు నిలుస్తుంది? సమర్థంగా, సదుద్దేశంతో నడిచే యుద్ధం ఎదురైతే ఆ వ్యతిరేకత దగ్గర సమాధానం ఉండదు. 1914 ఆగస్టులో యుద్ధం మొదలవగానే వెల్స్ రాసిన వ్యాసాలు అదే సంవత్సరం 'ద వార్ దట్ విల్ ఎండ్ వార్' పేరుతో పుస్తకమయ్యాయి. ఇది యుద్ధాలకు అంతం పలికే యుద్ధమని ఆయన సమర్థించాడు. 1918లో ప్రభుత్వ ప్రచారశాఖలో కొంతకాలం పనిచేశాడు కూడా. దీన్ని మాట తప్పడంగా చూడవచ్చు. కానీ 'లిటిల్ వార్స్' తర్కాన్ని జాగ్రత్తగా చదివితే ఇందులో వైరుధ్యం కన్నా కొనసాగింపే ఎక్కువ. యుద్ధం ఒక చెడిన యంత్రమని నమ్మినవాడు ఆ యంత్రాన్ని ఒకసారి సరిగ్గా నడిపి శాశ్వతంగా మూసివేయవచ్చని కూడా నమ్మగలడు. రెండు నమ్మకాలకూ మూలం పైనుండి చూసే చూపే, అంటే సంజయుని చూపే.

గాంధారి చూపు వెల్స్ రచనలోకి 1916లో వచ్చింది. 'మిస్టర్ బ్రిట్లింగ్ సీజ్ ఇట్ థ్రూ' నవలలో యుద్ధాన్ని సమర్థించే రచయిత బ్రిట్లింగ్ తన కొడుకును ఆ యుద్ధంలోనే పోగొట్టుకుంటాడు. అంతకుముందు తన ఇంట్లో ఉపాధ్యాయుడిగా ఉన్న జర్మన్ యువకుడు కూడా మరణిస్తాడు. నవల చివర బ్రిట్లింగ్ ఆ యువకుని తల్లిదండ్రులకు ఉత్తరం రాయడానికి రాత్రంతా తంటాలు పడతాడు. అతని వయొలిన్‌ను వారికి పంపాలనుకుంటాడు. శత్రుపక్షపు మృతునికి ఒక వాద్యం, ఒక ఇల్లు, తల్లిదండ్రులు ఉన్నారన్న గుర్తింపు స్త్రీపర్వపు గుర్తింపే. అది రావడానికి వెల్స్‌కు ఆట చాలలేదు, నవల కావలసివచ్చింది. 'లిటిల్ వార్స్' మీద వెలువడిన విమర్శల్లో అతి కఠినమైనది దాని కర్తే మూడేళ్ల తరువాత నవలగా రాశాడని చెప్పవచ్చు.

6. క్లబ్బులో ఒక రోజు – ఒకే యుద్ధం, అనేక పాఠాలు:

వెల్స్ నాటిన విత్తనం వెంటనే మొలకెత్తలేదు. రెండవ ప్రపంచయుద్ధం తరువాత, ముఖ్యంగా డోనల్డ్ ఫెదర్‌స్టోన్ 'వార్ గేమ్స్' (1962) వెలువడ్డాక ఇంగ్లండులో ఇది క్లబ్బుల సంస్కృతిగా ఎదిగింది. గచ్చు మీది ఆట బల్ల మీదికి ఎక్కింది. పేలే ఫిరంగి పోయి పాచిక వచ్చింది. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల బల్ల, 28 మిల్లీమీటర్లదో 15 మిల్లీమీటర్లదో అయిన బొమ్మ, కొలతటేపు, నియమాల పుస్తకం ఇప్పటి సామాన్య సామగ్రి. ఒక్కో బొమ్మ ఇరవైమందికో ముప్ఫైమందికో ప్రతినిధి.

క్లబ్బు దినాన్ని పరిశీలిస్తే ఆటకన్నా ఆటకు ముందటి శ్రమ ఎక్కువని తెలుస్తుంది. ఒక పటాలానికి కోటు ఏ రంగు, అంచు ఏ రంగు, జెండా మీద గుర్తు ఏమిటి అని పుస్తకాలు వెతికి, సన్నని కుంచెతో వారాల తరబడి రంగులు అద్దినవారే ఆ రోజు బల్ల దగ్గర నిలబడతారు. ఈ శ్రద్ధను చిన్నచూపు చూడడం విమర్శ అనిపించుకోదు. ఒక అనామక సైనికుని చొక్కా గుండీల రంగు మీద ఇంత శ్రద్ధ పెట్టే మరో వ్యాపకం అరుదు. అయితే ఆ శ్రద్ధ దుస్తుల దగ్గర ఆగిపోతుంది. ఆ బొమ్మకు రంగు ఉంటుంది, ఊరు ఉండదు.

1965లో ఏర్పడిన 'సొసైటీ ఆఫ్ ఏన్షెంట్స్' నిర్వహించే యుద్ధదినం సాహిత్య విద్యార్థులకు ప్రత్యేకంగా ఉపయోగపడే ఉదాహరణ. అందులో ప్రాచీనకాలపు యుద్ధం ఒకదాన్ని ఎంచుకొని, ఒకే రోజు అనేక బల్లల మీద వేరువేరు నియమావళులతో ఆడతారు. క్రీ.పూ. 216లో హానిబాల్ రోమన్ సైన్యాన్ని చుట్టుముట్టి నాశనం చేసిన కానే యుద్ధాన్ని ఈ పద్ధతిలో ఆడితే ఏమవుతుందో ఊహించవచ్చు. ఒక నియమావళి సైనికుల మనోస్థైర్యాన్ని ప్రధానం చేస్తుంది, మరొకటి సేనాని ఆజ్ఞలు చేరే వేగాన్ని, ఇంకొకటి ఆయుధాల బరువును. ఒకే కథావస్తువును వేరువేరు కవులు వేరువేరు రసాలు ప్రధానంగా నిర్వహించినట్టే ఇది. ప్రతి నియమావళీ ఆ యుద్ధానికి ఒక వ్యాఖ్యానం. రోమన్లు ఎందుకు ఓడారన్న ప్రశ్నకు ఒక్కో బల్ల ఒక్కో సమాధానం చెబుతుంది.

ఇక్కడొక చిక్కు ఉంది. బల్ల దగ్గరి రోమన్ సేనానికి కానే కథ ముందే తెలుసు. మధ్యలోకి చొచ్చుకుపోతే చుట్టుముడతారని తెలిసినవాడు చొచ్చుకుపోడు. అప్పుడు ఆ యుద్ధం కానే కాకుండా పోతుంది. బలవంతంగా చొచ్చుకుపోయేలా నియమం పెడితే అది ఆట కాకుండా పోతుంది. ప్రఖ్యాతవస్తువును స్వీకరించిన నాటకకర్త ఎదుర్కొనే సమస్యే ఇది: ఫలం మారకూడదు, ఉత్కంఠ పోకూడదు. క్లబ్బు ఆటగాళ్లు దీనికి కనిపెట్టిన పరిష్కారం జయాపజయాలకు కొత్త నిర్వచనం. చరిత్రలోని రోమన్లకన్నా ఎక్కువసేపు నిలబడితే రోమన్ ఆటగాడు గెలిచినట్టే. ఓడుతూ గెలవడమనే ఈ భావన యుద్ధక్రీడను చదరంగం నుండి వేరుచేసి కావ్యానికి దగ్గర చేస్తుంది.

7. పల్నాటి సాక్ష్యం:

తెలుగు వీరగాథల్లో ఆటకూ యుద్ధానికీ ఉన్న సంబంధం వెల్స్ ప్రతిపాదనకు నేరుగా ఎదురు నిలుస్తుంది. వెల్స్ దృష్టిలో ఆట యుద్ధానికి ప్రత్యామ్నాయం. శ్రీనాథుని పేర ప్రసిద్ధమైన పల్నాటి వీరచరిత్రలో ఆట యుద్ధానికి ద్వారం. కోడిపోరులో ఓటమి బ్రహ్మనాయుని పక్షాన్ని వలసకు పంపింది. ఆ పగ కారెంపూడి రణరంగానికి దారితీసింది. భారతంలో ద్యూతం చేసిన పనినే ఇక్కడ కోడిపుంజులు చేశాయి.

బాలచంద్రుని బొంగరాల ఘట్టం ఇంకా లోతైనది. పెద్దలు యుద్ధానికి పోయిన సంగతి తెలియనీయకుండా తల్లి అతణ్ణి ఆటల్లో ఉంచుతుంది. ఆడుతుండగా బొంగరం ఒక వైశ్యస్త్రీ కాలికి తగిలి గాయమవుతుంది. ఆమె బాధతో అన్న ఎత్తిపొడుపు మాటల ద్వారా బాలునికి యుద్ధవార్త తెలుస్తుంది. ఆటవస్తువు ఆట గీత దాటి ఆటలో లేని మనిషిని గాయపరిచింది. ఆ గాయమే నిజాన్ని పలికింది. హ్యుజింగా 'హోమో లూడెన్స్' (1938)లో ఆటకు తనదైన ఆవరణ, తనదైన కాలం ఉంటాయని ప్రతిపాదించాడు. పల్నాటి కథ ఆ ఆవరణ ఎంత పలుచనిదో చూపుతుంది. వెల్స్ ఆటలో పుల్లముక్క ఎవరి కాలికీ తగలదు. అందుకే అక్కడ ఎవరూ నిజం చెప్పరు.

కారెంపూడిలో కార్తీకమాసంలో జరిగే వీరారాధనోత్సవాలు మరో భేదాన్ని తెలుపుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అనే అయిదు రోజుల క్రమంలో యుద్ధగాథ మళ్లీ జరుగుతుంది. క్లబ్బు దినం లాగే ఇక్కడా తెలిసిన కథే, తెలిసిన ముగింపే. కానీ ఇక్కడ మృతులకు వారసులున్నారు. వీరుల ఆయుధాలకు పూజ ఉంది. చివరి రోజైన కళ్లిపాడు వీరుల నేలకొరుగుటను స్మరించే దినం. అంటే ఈ పునరభినయం విజయంతో కాక మరణంతో ముగుస్తుంది. బల్లమీది యుద్ధం ముగిశాక బొమ్మలు పెట్టెలోకి వెళతాయి. పల్నాటి యుద్ధం ముగిశాక వీరులు గుడిలోకి వెళతారు.

8. ఆటలోకి వచ్చిన స్త్రీలు:

యుద్ధక్రీడలో స్త్రీపర్వం లేదన్నంత మాత్రాన స్త్రీలు లేరని అర్థం కాదు. 'లిటిల్ వార్స్' దీర్ఘశీర్షిక ఆ ఆటను అన్ని వయసుల బాలురకూ, బాలుర ఆటలు ఇష్టపడే తెలివైన తరహా బాలికలకూ ఉద్దేశిస్తుంది. ఆ మినహాయింపులోని దయాధోరణికి చరిత్ర మూడు దశాబ్దాల్లోపే జవాబిచ్చింది. 1942 జనవరిలో లివర్‌పూల్‌లోని డెర్బీ హౌస్‌లో కెప్టెన్ గిల్బర్ట్ రాబర్ట్స్ నేతృత్వాన ఒక యుద్ధతంత్ర విభాగం ఏర్పడింది. గచ్చే సముద్రం. సుద్దగీతలే నౌకల దారులు. అధికారులు తెరల్లోని సన్నని కంతల గుండా మాత్రమే చూడాలి. బల్లలనూ గీతలనూ నడిపినవారిలో అధికులు బ్రిటిష్ నౌకాదళ మహిళా విభాగానికి చెందిన యువతులు. జర్మన్ జలాంతర్గాములను ఎదుర్కొనే పద్ధతులు ఆ గచ్చు మీద రూపొందాయి. సుమారు 5,000 మంది అధికారులు అక్కడ శిక్షణ పొందారు. వెల్స్ తెరకు ఇక్కడ కొత్త అర్థం వచ్చింది. ఆటలో ఓడితే నేర్చుకోవచ్చు, అట్లాంటిక్‌లో ఓడితే మునిగిపోతారు. ఆట ప్రాణాలు కాపాడిన సందర్భమిది. దీన్ని విస్మరించి యుద్ధక్రీడను నైతికంగా ఖండించడం ఏకపక్షమవుతుంది.

శోకం మాత్రం ఆటలోకి ఇటీవలే వచ్చింది. అమెరికన్ క్రీడారూపకర్త్రి బ్రెండా రొమేరో 2009లో రూపొందించిన 'ట్రెయిన్'లో ఆటగాళ్లు పసుపు బొమ్మలను పెట్టెబండ్లలోకి ఎక్కించి, పట్టాల మీదుగా సమర్థంగా గమ్యం చేర్చాలి. గమ్యం పేరు ఆఖరున తెలుస్తుంది. అది ఆష్‌విట్జ్. గెలవడమే నేరమైన ఆట ఇది. 2017లో వెలువడిన 'దిస్ వార్ ఆఫ్ మైన్' బల్ల ఆటలో పాత్రలు సైనికులు కారు. ముట్టడిలో ఉన్న నగరంలో అన్నం కోసం, మందుల కోసం వెతుక్కునే పౌరులు. హుక్స్ ఫామ్ ఇంట్లోవారి కథ చివరికి ఆటగా వచ్చిందనవచ్చు.

ఈ రెండు ఉదాహరణలూ ఒక ముఖ్యవిషయాన్ని నిర్ధారిస్తాయి. కరుణ లేకపోవడం క్రీడారూపానికి స్వభావసిద్ధం కాదు. అది నియమకర్త ఎంపిక. ఎవరు కదలాలి, ఎంత కదలాలి, దేన్ని లెక్కించాలి అనే నిర్ణయాల్లోనే ఆట తాత్త్వికత ఉంది. చచ్చినవారిని లెక్కించి గాయపడినవారిని లెక్కించని నియమం ఒక అభిప్రాయమే, అది ఒక వాక్యంగా రాసి లేకపోయినా.

9. ముగింపు:

పై పరిశీలన నుండి తేలిన అంశాలు ఇవి. 'లిటిల్ వార్స్' నియమగ్రంథం మాత్రమే కాదు, సేనాని భాషను బొమ్మలకు తొడిగి ఆ భాషనే పరిహసించిన వ్యంగ్యకథనం. ఆ వ్యంగ్యం సేనానుల అసమర్థతను చూడగలిగింది, యుద్ధబాధితులను చూడలేకపోయింది. అందువల్లే ఆ పుస్తకంలోని యుద్ధవ్యతిరేకవాదం 1914 తాకిడికి నిలబడలేదు. వెల్స్ దానికి పూరకాన్ని 1916 నాటి నవలలో సమకూర్చుకోవలసివచ్చింది. క్లబ్బు సంస్కృతి ఆ ఆటను చరిత్రవ్యాఖ్యానంగా ఎదిగించింది. సమకాలీన ఆటలు కరుణను కూడా నియమంగా రాయవచ్చని నిరూపించాయి.

తెలుగు విమర్శకు ఇందులో ఒక సూచన ఉంది. ద్యూతం, కోడిపోరు, బొంగరం మన కావ్యాల్లో కథను మలుపు తిప్పే ఘట్టాలుగా చర్చకు వస్తాయి. వాటిని నియమవ్యవస్థలుగా కూడా చదవాలి. సభాపర్వంలో పందెం నియమాన్ని ఎవరు నిర్ణయించారు, ద్రౌపది అడిగిన ప్రశ్న ఆ నియమాన్ని ఎక్కడ పట్టుకుంది అని అడిగినప్పుడు ద్యూతఘట్టం మరోలా తెరుచుకుంటుంది. తనను తాను ఓడినవాడు ఇంకొకరిని ఒడ్డగలడా అన్న ఆమె ప్రశ్న ఆటలో వస్తువుగా ఉంచబడిన మనిషి ఆట నియమాన్నే నిలదీసిన ప్రశ్న. బల్లమీది బొమ్మకు ఆ నోరు లేదు. కనుక ఆ ప్రశ్నను ఆడేవారూ చదివేవారూ అడగాలి.